మూగమెట్టు: పాత బేస్ గిటారు పునరుద్ధరణలో భౌతికశాస్త్రం

చాలాకాలం వాడుకలో ఉన్న బేస్ గిటార్లలో కొన్నిటికి ఒక వింత లోపం ఉంటుంది. నాలుగు తీగలూ మంచివే. మెట్లన్నీ సరిగానే ఉన్నవి. ఎక్కడ నొక్కి మీటినా స్వరం నిండుగా పుట్టి, చాలా సెకనులు నిలిచి, క్రమంగా సన్నగిలుతుంది. కాని అన్నిటికంటె సన్నని తీగ మీద, అయిదవ మెట్టుకూ ఏడవ మెట్టుకూ మధ్య ఎక్కడో ఒక్కచోట మాత్రం స్వరం పుట్టీ పుట్టకముందే అణగిపోతుంది. వాద్యకారులు దీనిని ‘చచ్చిన చోటు’ అంటారు. ఈ వ్యాసంలో దీనిని మూగమెట్టు అందాము.

ఆ వాద్యం అరవై ఏళ్లనాటిది, యజమానికి ప్రాణంతో సమానమైనది అనుకుందాం. మూగమెట్టును బాగుచేయటానికి దండిని మార్చివేయవచ్చునా? మెట్లు పీకి కొత్తవి వేయవచ్చునా? తొందరపడి చేసిన పని లోపాన్ని తొలగించకపోగా, తిరిగి తెచ్చుకోలేని నాదాన్ని పోగొట్టవచ్చు. కనుక పనిముట్టు పట్టుకొనే ముందే తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ లోపం వయసు వల్ల వచ్చినదా, వాద్యం పుట్టుకలోనే ఉన్నదా, లేక లోపమనుకొనేదే వాద్యం యొక్క గుణమా? ఈ మూడింటినీ వేరుచేసి చూపగలిగేది భౌతికశాస్త్రమే.

వాద్యం, దాని అంగాలు

పాశ్చాత్య సంగీతంలో మంద్రస్వరాలకు పూర్వం డబుల్ బేస్ అనే పెద్ద వాద్యాన్ని వాడేవారు. అది మనిషి ఎత్తున ఉంటుంది. దానికి మెట్లు లేవు. స్వరస్థానాన్ని చెవితో, చేతి అలవాటుతో పట్టుకోవాలి. మోసుకొనిపోవటం కష్టం. పెద్ద మేళంలో దాని ధ్వని వినిపించేది కాదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930లలోనే మెట్లుగల విద్యుత్ బేస్‌ను తయారుచేశాడు గాని, అది వ్యాప్తిలోకి రాలేదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండరు 1951లో ‘ప్రెసిషన్ బేస్’ను విడుదల చేసిన తరువాతనే ఈ వాద్యం ప్రపంచమంతటా వ్యాపించింది. 1960లో ఆ సంస్థవారే ‘జాజ్ బేస్’ అనే రెండవ రకాన్ని తెచ్చారు. ఈనాడు పాత వాద్యాలను సేకరించేవారు అమితంగా కోరేవి 1950లు, 1960లనాటి ఈ రెండు రకాలే. మన సినిమా పాటలలో పల్లవి క్రింద మెల్లగా నడిచే మంద్రధ్వని కూడా తరచుగా బేస్ గిటారుదే.

వీణను ఎరిగినవారికి దీని అంగాలు పోల్చుకోవటం సులభం. వీణకు దండి ఉన్నట్లే దీనికీ పొడవైన దండి ఉన్నది. ఫెండరు దానిని గట్టి మేపుల్ కొయ్యతో చేయించాడు. 1960ల తొలినాటి వాద్యాలలో దండిమీద పరచిన పలక బ్రెజిలు రోజ్‌వుడ్. ఇది మన జిట్రేగికి దగ్గర బంధువు. పలకమీద లోహపు మెట్లు, పైచివర మేరువు, దానికి పైన తీగలు బిగించే బిరడలు, క్రింది చివర గుర్రం ఉంటాయి. ముఖ్యమైన భేదాలు రెండు. వీణ మెట్లు మైనపు కట్టుమీద నిలుస్తాయి. అందుచేత వాటిని కదిపి మళ్లీ మేళం కట్టవచ్చు. గిటారు మెట్లను కొయ్యలో కోసిన గాళ్లలో దిగగొడతారు. రెండవది, వీణకు బోలుగా తొలిచిన కుండ ఉన్నది. విద్యుత్ బేస్‌కు ఉన్నది గట్టి కొయ్యదిమ్మ మాత్రమే. అది గాలిని కదిలించి ధ్వనిని పెంచదు. ఆ పని విద్యుత్తుది.

స్వరం పుట్టే విధం

సోనోమీటరు ప్రయోగం చేసిన విద్యార్థికి తీగ నియమాలు తెలిసినవే. తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలోను, తన్యత యొక్క వర్గమూలానికి అనులోమానుపాతంలోను, ఏకాంక పొడవు ద్రవ్యరాశి యొక్క వర్గమూలానికి విలోమానుపాతంలోను ఉంటుంది. ఫెండరు బేస్‌లో మేరువు నుంచి గుర్రం వరకు తీగ పొడవు 34 అంగుళాలు, అనగా 86.4 సెంటీమీటర్లు. నాలుగు తీగలను సెకనుకు సుమారు 41, 55, 73, 98 కంపనాలకు శ్రుతి చేస్తారు. పొడవు అన్నిటికీ ఒకటే. తన్యతలు కూడా ఇంచుమించు సమానమే. స్వరభేదమంతా ముఖ్యంగా తీగల లావు వల్ల వస్తున్నది. నాలుగు తీగలూ కలిసి దండిని దాదాపు 75 కిలోల బరువు వ్రేలాడదీసినంత బలంతో ఎల్లప్పుడూ లాగుతూ ఉంటాయి. ఈ అంకెను గుర్తుంచుకోవాలి. పాత వాద్యాల రోగాలలో చాలా భాగం దీనినుంచే పుడతాయి.

ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పోతే మిగిలిన తీగ పొడవులో సుమారు పద్దెనిమిదవ వంతు తగ్గి, పౌనఃపున్యం నూటికి 5.9 వంతులు పెరుగుతుంది. పన్నెండు మెట్లు ఎక్కితే పొడవు సరిగా సగమై, స్వరం పై స్థాయికి చేరుతుంది.

తీగ క్రింద అయస్కాంతాలు, వాటిచుట్టూ రాగితీగ చుట్టలు ఉంటాయి. ఉక్కు తీగ ఊగినప్పుడు చుట్టగుండా పోయే అయస్కాంత రేఖల సంఖ్య మారి, విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల చుట్టలో బలహీనమైన విద్యుత్తు పుడుతుంది. ప్రవర్ధకం దానిని పెంచి ధ్వనిగా మారుస్తుంది. ఇక్కడ ఒక నియమం స్పష్టపడుతున్నది. తీగలో శక్తి ఎంతసేపు నిలిస్తే స్వరం అంతసేపు నిలుస్తుంది. తీగ శక్తిని కొయ్య దొంగిలిస్తే చుట్ట చేయగలిగినదేమీ లేదు.

వయసు తెచ్చిన లోపాలు

అనుభవమున్న పనివాడు మొదట ఏ మరనూ విప్పడు. వాద్యాన్ని అన్నివైపులనుంచి ఫొటోలు తీసి, కొలతలు వ్రాసుకొంటాడు. ఆ తరువాత కొత్త తీగలు బిగించి వింటాడు. పాత తీగల చుట్లలో చెమట, మురికి చేరితే పైస్వరాలు త్వరగా అణగిపోతాయి. ఎన్నో ‘రోగాలు’ తీగలు మార్చటంతోనే కుదురుతాయి.

తరువాత చూడవలసినది దండి వంపు. ఏళ్లతరబడి తీగల బిగువుకు లోబడిన దండి విల్లువలె ముందుకు వంగుతుంది. ఇది తెలుసుకోవటానికి ప్రత్యేక సాధనం అక్కరలేదు. తీగను మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర ఒకేసారి నొక్కితే, బిగువుగా ఉన్న ఆ తీగే సరళరేఖ. ఏడవ, ఎనిమిదవ మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఉన్న సందును చూడాలి. మిల్లీమీటరులో మూడవవంతు సందు మంచిదే, ఎందుకంటే ఊగే తీగకు నడుమ కొంత చోటు కావాలి. సందు అంతకు మించితే తీగలు ఎత్తై, నొక్కినప్పుడు సాగి, స్వరం శ్రుతి కంటె పైకి పోతుంది. దండి లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని మరను బిగిస్తే అది తీగల లాగుడుకు ఎదురు బలాన్నిచ్చి దండిని నిటారుగా చేస్తుంది. 1960లనాటి ఫెండరు వాద్యాలలో ఈ మర దండికి, దేహానికి కలిసే చోట దాగి ఉంటుంది. కనుక దండిని ఊడదీసి, పావుచుట్టు త్రిప్పి, మళ్లీ బిగించి చూడాలి. తుప్పుపట్టిన కడ్డీమీద ఒక్కసారే బలం ప్రయోగిస్తే అది తెగిపోవచ్చు. అప్పుడు చిన్న లోపం పెద్ద లోపమవుతుంది.

మూడవది మెట్లు. తేమ పీల్చుకొన్నప్పుడు కొయ్య ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకొంటుంది. ఇది నారకు అడ్డంగా ఎక్కువ, నార పొడవున చాలా తక్కువ. లోహం ఇట్లా మారదు. ఈ తేడావల్ల ఏళ్లు గడిచేసరికి కొన్ని మెట్లు గాళ్లలో వదులవుతాయి. వదులైన మెట్టు తీగ శక్తిని గుటుక్కున మింగివేస్తుంది. దానిని మళ్లీ దిగగొట్టి, అవసరమైతే బంక చుక్క వేయాలి. అరిగిన మెట్లను ఆకురాయితో సమం చేయవచ్చును గాని, మెట్టు ఎత్తే మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. రాచిన లోహం తిరిగి రాదు.

నాలుగవది విద్యుత్ భాగం. ధ్వనిని హెచ్చించి తగ్గించే మీటలలో దుమ్ముచేరితే గరగర వినిపిస్తుంది. శుభ్రపరచే ద్రవంతో అది పోతుంది. చుట్టలోని రాగితీగ మందం మిల్లీమీటరులో పదహారవ వంతు మాత్రమే. అది కొన్ని వేల చుట్లు చుట్టి ఉంటుంది. జాజ్ బేస్ చుట్టకు సాధారణంగా ఏడువేల ఓముల ప్రాంతంలో నిరోధం ఉంటుంది. మీటరు అనంతాన్ని చూపితే తీగ తెగినదన్నమాట. అయినా వెంటనే చుట్టనంతా విప్పి కొత్తగా చుట్టనక్కరలేదు. బయటి కొన దగ్గర తెగి ఉంటే ఆ ఒక్కచోట అతికితే చాలు. ముందుగా చూడవలసినది అదే.

ఇక జాజ్ బేస్‌లో రెండు చుట్టలు ఉన్నవి. ఒక దానిని మాత్రమే తెరిచి ఉంచితే వీధి విద్యుత్తు నుంచి వచ్చే హుమ్మనే మ్రోత వినిపిస్తుంది. ఇది వయసు తెచ్చిన లోపం కాదు, నిర్మాణంలోనిదే. నివారణ కూడా నిర్మాణంలోనే ఉన్నది. రెండవ చుట్టను వ్యతిరేక దిశలో చుట్టి, దాని అయస్కాంత ధ్రువాలను కూడా తారుమారు చేశారు. బయటినుంచి వచ్చే మ్రోతకు చుట్టిన దిశ ఒక్కటే లెక్క. కనుక రెండు చుట్టలలోనూ అది వ్యతిరేకంగా పుట్టి రద్దవుతుంది. తీగ సంకేతానికి ధ్రువమూ, దిశా రెండూ తారుమారు కావటం వల్ల రెండు వ్యతిరేకాలు కలిసి అనుకూలమై, సంకేతం కూడుతుంది. రెండు మీటలనూ సమానంగా తెరిస్తే మ్రోత పోతుంది. ఈ సంగతి ఎరుగక, పాత చుట్టలను పారవేసి కొత్తవి వేయించినవారు లేకపోలేదు.

మూగమెట్టు పరీక్ష

ఇన్ని సరిచేసిన తరువాత కూడా మూగమెట్టు మూగగానే ఉండవచ్చు. అప్పుడు ఏమి చేయాలి?

మొదట చుట్టలలోని అయస్కాంతాలను అనుమానించాలి. అవి తీగకు మరీ దగ్గరగా ఉంటే దానిని లాగి, ఊపును చెడగొడతాయి. చుట్టలను కొంచెం క్రిందికి దించి వింటే ఈ సందేహం తీరుతుంది. రెండవ అనుమానం వదులైన మెట్టు. దీనిని తేల్చటానికి చక్కని పరీక్ష ఒకటి ఉన్నది.

సన్నతీగ శ్రుతి సెకనుకు 98 కంపనాలు. అయిదు, ఆరు, ఏడు మెట్ల దగ్గర దాని పౌనఃపున్యాలు వరుసగా 130.8, 138.6, 146.8. ఆరవ మెట్టు మూగదనుకుందాం. ఇప్పుడు బిరడను త్రిప్పి తీగ శ్రుతిని ఒక్క మెట్టు మేరకు, అనగా 92.5 కంపనాలకు దించాలి. ఆరవ మెట్టు దగ్గర ఇప్పుడు 130.8 వస్తుంది. 138.6 కంపనాల స్వరం ఏడవ మెట్టుకు జరుగుతుంది. దోషం మెట్టుదే అయితే ఆరవ మెట్టే ఇంకా మూగగా ఉండాలి. కాని ఆరవ మెట్టు మ్రోగి ఏడవ మెట్టు మూగబోతే, దోషం చోటుది కాదు, పౌనఃపున్యానిది. సెకనుకు 138, 139 కంపనాల ప్రాంతంలో వాద్యంలో మరేదో భాగం తనంత తాను ఊగాలని చూస్తున్నది.

ఆ భాగం దండి. బల్ల అంచున స్కేలును నొక్కిపట్టి కొనను మీటితే అది ఒక నియత పౌనఃపున్యంతో కొట్టుకొంటుంది. దేహం నుంచి పొడుచుకొని వచ్చిన దండి కూడా ఇటువంటిదే. దానికీ కొన్ని సహజ పౌనఃపున్యాలు ఉన్నవి. తీగ స్వరం వాటిలో ఒకదానితో ఏకమైతే అనునాదం కలుగుతుంది. తీగ దండిని ఊపుతుంది. దండి ఆ శక్తిని తన కొయ్య నారల రాపిడిలో, పట్టుకొన్న చేతిలో వేడిగా మార్చివేస్తుంది. ప్రాథమిక స్వరం త్వరగా అణగిపోయి, పైస్వరాంశాలు మాత్రం పలచగా మిగులుతాయి.

తరగతిలో దీనిని చూపటం తేలిక. రెండు కుర్చీల మధ్య ఒక దారం అడ్డంగా కట్టి, దానికి సమానమైన పొడవుగల రెండు లోలకాలను వ్రేలాడదీయాలి. రెండవ లోలకానికి ఒక అట్టముక్క తగిలించాలి. మొదటి దానిని ఊపితే కొద్దిసేపటిలోనే దాని ఊపు రెండవదానికి పోతుంది. అట్ట గాలిని త్రోసి ఆ శక్తిని ఖర్చుచేస్తుంది. మొదటిదానికి తిరిగి వచ్చేది స్వల్పం. రెండవ లోలకం పొడవు మార్చితే ఈ మార్పిడి చాలావరకు ఆగిపోయి, మొదటిది చాలాసేపు ఊగుతుంది. మొదటి లోలకం తీగ, రెండవది దండి.

1990ల చివర జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ త్స్వికర్ అనే శాస్త్రజ్ఞులు విద్యుత్ గిటార్లమీద ఈ విషయాన్ని కొలిచి చూశారు. దండిమీద ఒక్కొక్క మెట్టు దగ్గర, ఒక్కొక్క పౌనఃపున్యానికి దండి ఎంత సులభంగా కదులుతుందో కొలిచి, ఆ స్వరం ఎంతసేపు నిలిచిందో దానితో పోల్చారు. దండి సులభంగా కదిలే చోటనే స్వరం త్వరగా చచ్చిపోతున్నది. గుర్రం వైపు కొయ్యదిమ్మ బరువైనది, గట్టిది కనుక అటుగా పోయే శక్తి తక్కువ. గట్టిదేహపు గిటారులో తీగ శక్తికి దొంగదారి ముఖ్యంగా దండి వైపునే ఉన్నది.

దీనినుంచి మరొక సంగతి కూడా తేలుతున్నది. 138.6 కంపనాల స్వరమే పక్క తీగమీద పదకొండవ మెట్టు దగ్గర కూడా దొరుకుతుంది. ఆ మెట్టు దేహానికి దగ్గర కనుక అక్కడ దండి ఊపు తక్కువ. అందుచేత అదే స్వరం అక్కడ చక్కగా నిలుస్తుంది. అనుభవజ్ఞులైన వాద్యకారులు పనివాడి దగ్గరకు పోకుండానే ఈ ఉపాయాన్ని పాటిస్తారు.

రామన్ పరిశీలించిన తోడేలు స్వరం

ఈ మూగమెట్టుకు పాత బంధువు ఒకటి ఉన్నది. చెల్లో, వయొలిన్ వాద్యాలలో ఒకానొక స్వరం దగ్గర కమాను ఎంత జాగ్రత్తగా నడిపినా ధ్వని నిలకడ లేక ఊళపెట్టినట్లు తడబడుతుంది. దీనిని యూరపులో తోడేలు స్వరం అంటారు. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న చంద్రశేఖర వెంకటరామన్ 1916లో దీనిని పరిశీలించి వివరణ ప్రకటించాడు. వాద్యదేహపు సహజ పౌనఃపున్యానికి తీగ స్వరం సరిపోయినప్పుడు దేహం విపరీతంగా ఊగి, తీగ శక్తిని లాగుకొంటుంది. ఆ స్థితిలో కమాను వత్తిడి ప్రాథమిక స్వరాన్ని నిలపలేక, తీగ పైస్థాయి స్వరానికి జారిపోతుంది. అంతలో దేహం శాంతిస్తుంది. మళ్లీ ప్రాథమిక స్వరం పుడుతుంది. ఈ చక్రమే ఊళవలె వినిపిస్తుంది. చెల్లోలో కమాను శక్తిని ఎడతెగక అందిస్తుంది కనుక స్వరం తడబడుతుంది. గిటారులో ఒక్కసారి మీటి వదిలివేస్తారు కనుక స్వరం చచ్చిపోతుంది. కారణం రెండింటా ఒక్కటే. చెల్లో వాదకులు గుర్రానికి అవతలనున్న తీగభాగానికి చిన్న బరువు తగిలించి తోడేలును అదుపులో పెడతారు. మూగమెట్టు చికిత్సకు కూడా ఇదే దారి చూపుతున్నది.

చికిత్స: ఎంత, ఎక్కడ?

స్కేలు కొనకు ఒక రబ్బరుముక్క అంటించి మీటితే అది మునుపటికంటె నెమ్మదిగా ఊగుతుంది. ద్రవ్యరాశి పెరిగితే సహజ పౌనఃపున్యం తగ్గుతుంది. అది ద్రవ్యరాశి యొక్క వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. దండికొనన, బిరడలున్న తలభాగంలో ఊపు ఎక్కువ. కనుక అక్కడ తగిలించిన చిన్న బరువు కూడా గణనీయంగా పనిచేస్తుంది.

ఎంత బరువు కావాలి? దండి అనునాదం 138.6 దగ్గర ఉన్నది. దానిని అయిదవ మెట్టు స్వరమైన 130.8కీ, ఆరవ మెట్టు స్వరమైన 138.6కీ సరిగా మధ్యకు, అనగా 134.6కు దించితే, అది ఏ స్వరం మీదా పడకుండా రెండింటి సందున పడుతుంది. ఇందుకు పౌనఃపున్యం నూటికి దాదాపు 3 వంతులు తగ్గాలి. వర్గమూల నియమాన్నిబట్టి, ఊగే భాగపు ఫలిత ద్రవ్యరాశి నూటికి 6 వంతులు పెరిగితే చాలు. తలకు బిగించే చిన్న లోహపు బిళ్లతో ఈ పని నెరవేరవచ్చు. బరువు పట్టును కొంచెం అటూ ఇటూ జరుపుతూ, మీటి వింటూ, సరియైన చోటు పట్టుకోవాలి. అనునాదం మాయం కాదు. అది ఎవరికీ అక్కరలేని సందులోకి జరుగుతుంది, అంతే. అది కొంత వెడల్పుగల శిఖరం కనుక ఇరుపక్కల స్వరాలు కొద్దిగా తగ్గవచ్చు. ఒక స్వరం పూర్తిగా పోవటంకంటె ఇది మేలు. వాద్యాన్ని అమ్మవలసి వచ్చినా, మనసు మారినా, బిళ్లను తీసివేస్తే గీత కూడా మిగలదు.

దీనికి భిన్నమైన మార్గం దండి దృఢత్వాన్ని పెంచటం. దృఢత్వం పెరిగితే పౌనఃపున్యం పెరుగుతుంది. 1980 ప్రాంతంలో అమెరికాలో నెడ్ స్టైన్‌బర్గర్ కార్బను నారతో తలభాగం లేని బేస్‌ను రూపొందించాడు. దండి గట్టిది, కొనన బరువు లేదు. అటువంటి వాద్యాలలో మూగమెట్ల బాధ చాలా తక్కువ. కొత్త వాద్యానికి ఇది మంచి పద్ధతే. కాని 1962 నాటి దండిలో కార్బను కడ్డీలు దించాలంటే పైపలకను వేడిచేసి ఊడదీయాలి, కొయ్యను గాళ్లుగా తొలవాలి, మెట్లు మళ్లీ వేయాలి. ఆ తరువాత అది ఆ దండి కాదు. పైపలక బ్రెజిలు రోజ్‌వుడ్ అయితే చిక్కు మరింత ఎక్కువ. అరుదైపోయిన ఆ చెట్టు కలప 1992 నుంచి అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉన్నది. విరిగితే తెచ్చి వేయటానికి కొత్త ముక్క సులభంగా దొరకదు. రంగు విషయమూ ఇంతే. ఆనాటి నైట్రోసెల్యులోజు వార్నీషు వెలుతురుకు పసుపెక్కి, సన్నగా పగుళ్లు వారుతుంది. దానిని గోకి కొత్త రంగు వేస్తే వాద్యం అందంగా కనిపించవచ్చును గాని, దాని వయసుకు సాక్ష్యం చెరిగిపోతుంది. స్వరానికి కలిగే మేలు ఏమీ లేదు.

లోపమా, గుణమా?

మూడవ రకం లోపానికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికన్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ బేస్. 1951లో ఫెండరు తన వాద్యానికి కచ్చితత్వం అనే అర్థం వచ్చే పేరు పెట్టటానికి కారణం మెట్లే. ఆ ఏడే పుట్టిన పాస్టోరియస్, మెట్లు లేని 1962 నాటి జాజ్ బేస్‌తో కీర్తి గడించాడు. మెట్లు తీసిన గాళ్లను పూడ్చి, ఉక్కు తీగల రాపిడికి కొయ్య అరగకుండా పడవలకు పూసే ఎపాక్సీ లేపనాన్ని పలకమీద పూయించుకొన్నాడు. 1976లో వెలువడిన అతని తొలి రికార్డుతో ఆ నాదం ప్రపంచమంతా విన్నది.

కర్మాగారపు కొలతతో చూస్తే అది పాడుచేసిన వాద్యం. కాని మెట్టు లేనప్పుడు తీగ ఒక కొసమీద ఆగదు. నున్నని గట్టి పలకకు ఒరిగి, ఊగినప్పుడల్లా దానిని అతి సన్నని కోణంలో తాకుతూ విడుతూ ఉంటుంది. ఈ తాకిడి పైస్వరాంశాలను మళ్లీ మళ్లీ పుట్టించి, మనిషి గొంతు సాగదీసినట్లు ధ్వనింపజేస్తుంది. మన తంబురాలో గుర్రం మీద జీవాళి దారం పెట్టటంలోని రహస్యమూ ఇదే. ఏ బిందువు దగ్గర తీగను మీటితే, ఆ బిందువు అస్పందన స్థానంగాగల పైస్వరాలు పుట్టరాదని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల నియమం చెబుతున్నది. వంపుదేరిన గుర్రాలుగల వీణ, తంబురాలు ఈ నియమాన్ని అతిక్రమిస్తున్నవని రామన్ 1921లో చూపాడు. జీవాళి ఎరుగని మరమ్మతుదారు తంబురా గుర్రాన్ని పదునుగా చెక్కి, రొద తీసివేశానని సంతోషించవచ్చు. అప్పుడు తంబురా ప్రాణం పోతుంది. పాస్టోరియస్ బేస్‌కు ‘అసలు రూపం’ పేరిట మెట్లు వేయటం కూడా అటువంటిదే.

1980ల నడుమ ఆ బేస్ ముక్కలు ముక్కలుగా విరిగిపోయింది. ఫ్లారిడాలో ఇద్దరు పనివారు దానిని చేతబట్టారు. కొత్త దిమ్మ చెక్కించి పాత దండి తగిలించటం సులభమైన పని. వారు ఆ దారి పట్టక, ముక్కలను ఏరి ఒకదానికొకటి అతికి, పైనా క్రిందా పలుచని మేపుల్ రేకు పరచి బిగించారు. పైన చెప్పిన విషయాన్నిబట్టి ఈ నిర్ణయంలోని ఔచిత్యం తెలుస్తున్నది. మంచి బంకతో నార వెంబడి అతికిన అతుకు కొయ్యకు తీసిపోదు. తీగ శక్తి పోయే దారి ముఖ్యంగా దండి వైపున ఉన్నది కనుక, దిమ్మలోని అతుకులు స్వరానికి చేసే హాని స్వల్పం. కొద్దికాలానికే, 1986లో, ఆ వాద్యం న్యూయార్కులో దొంగల పాలయింది. 1987లో పాస్టోరియస్ మరణించాడు. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత వాద్యం మళ్లీ బయటపడింది. మెటాలికా బృందపు బేస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుహియో తోడ్పాటుతో 2010లో పాస్టోరియస్ కుటుంబానికి అది దక్కింది.

పాత వాద్యాన్ని బాగుచేయటంలో పాటించవలసిన క్రమం ఇప్పుడు స్పష్టపడుతున్నది. తీగలు, దండి వంపు, మెట్లు, మీటలు మొదలైన వయసు లోపాలను ముందు సరిచేయాలి. అప్పటికీ మిగిలినదానిని పరీక్షించి కారణం పట్టుకోవాలి. పుట్టుకలోని లోపానికి, తిరిగి తీసివేయగల చికిత్సను మాత్రమే చేయాలి. వాద్యకారుడి నాదానికి మూలమైనదానిని తాకరాదు. తీసిన ప్రతి పాత మరనూ, బిరడనూ, తీగతుంపునూ ఒక సంచిలో వేసి, ఏ తేదీన ఏమి చేశారో వ్రాసిన కాగితంతో సహా వాద్యపు పెట్టెలోనే ఉంచాలి. మరి యాభై ఏళ్లకు ఆ పెట్టెను తెరిచే పనివాడికి ఆ కాగితం ఎంతో అవసరమవుతుంది.